ఇల్లు చూడటానికి ఎవరొస్తారు? దత్తతలో హోమ్ స్టడీ వెనకున్న చరిత్ర

దత్తత గురించి ఎప్పుడు మాట్లాడినా కామెంట్లలో ఒకే ప్రశ్న వస్తుంటుంది. "బ్రో, దత్తత తీసుకోవాలంటే ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చి చూస్తారట కదా, బెడ్రూమ్ కూడా చూస్తారా, బ్యాంక్ బ్యాలెన్స్ ఎంత ఉండాలి?" దీన్నే హోమ్ స్టడీ అంటారు. రూల్స్ మాత్రమే కావాలంటే పది నిమిషాల వీడియో చాలు. కానీ ఈ రూల్ ఎక్కడ పుట్టింది, మన రాష్ట్రంలో దీని చుట్టూ ఏం జరిగింది అని చదవడం మొదలుపెడితే నాకు మూడు వారాలు పట్టింది. అందుకే ఇది కొంచెం పొడుగు ఎపిసోడ్. చాయ్ పెట్టుకుని కూర్చోండి.

ముందు మన సికింద్రాబాద్ నుంచే మొదలుపెడదాం. 2025 జూలై చివర్లో సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ కేసు టీవీల్లో రోజుల తరబడి నడిచింది, గుర్తుండే ఉంటుంది. పోలీసులు చెప్పినదాని ప్రకారం కథ ఇది. రాజస్థాన్‌కు చెందిన ఒక జంట, ఇక్కడే సికింద్రాబాద్‌లో ఉంటున్నారు, ఐవీఎఫ్ కోసం వెళ్ళారు. మీకు సరోగసీ అయితేనే కుదురుతుంది అని చెప్పి దాదాపు 35 లక్షల దాకా తీసుకున్నారు. విశాఖలో బాబు పుట్టాడని చేతిలో పెట్టారు. వాళ్ళకు అనుమానం వచ్చి సొంతంగా డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ఇద్దరితోనూ కలవలేదు. పోలీసులు తీగ లాగితే, ఆ బాబు అస్సాంకు చెందిన ఒక పేద జంట బిడ్డ అని, వాళ్ళకు 90 వేలు ఇచ్చి తెచ్చారని తేలింది. కేసు కోర్టులో ఉంది, ఎవరు దోషి అన్నది కోర్టు చెప్తుంది. నేను వేరే విషయం చూస్తున్నాను.

ఈ కథలో రెండు ఇళ్ళున్నాయి చూడండి. ఒకటి బిడ్డ వెళ్ళిన ఇల్లు. ఇంకోటి బిడ్డ వచ్చిన ఇల్లు. ఈ రెంటిలో దేనికీ ఎవరూ వెళ్ళి తలుపు కొట్టలేదు, ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. మధ్యలో డబ్బు ఒక్కటే నడిచింది. హోమ్ స్టడీ అనేది సరిగ్గా ఈ చోట అడ్డుపడటానికి తయారైన పద్ధతి. కానీ చరిత్ర చూస్తే అది చాలాకాలం ఒక ఇంటినే చూసింది, రెండో ఇంటి వైపు పోనే లేదు. నా పాయింట్ అంతా అదే.

సరే, వెనక్కి వెళ్దాం. మనకు దత్తత కొత్తదా? అస్సలు కాదు. కానీ మన పాత దత్తత పిల్లల కోసం పెట్టింది కాదు, పెద్దల కోసం పెట్టింది. వంశం నిలబడాలి, పిండం పెట్టేవాడు కావాలి, ఆస్తికి వారసుడు కావాలి. అందుకే పాత ధర్మశాస్త్రంలో మగపిల్లాడినే దత్తత చేసుకునేవాళ్ళు. కోర్టుల్లో కేసులు కూడా ఆ ప్రశ్నల చుట్టూనే. ఇచ్చే హక్కు ఎవరికుంది, పుచ్చుకునే హక్కు ఎవరికుంది, దత్తహోమం జరిగిందా లేదా. 1868లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన రామనాథపురం జమీన్ కేసులో తేల్చిందేంటంటే, దక్షిణాదిలో భర్త ముందే అనుమతి ఇవ్వకపోయినా, సపిండుల సమ్మతితో వితంతువు దత్తత చేసుకోవచ్చు అని. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటికీ, అంటే మన కోస్తా, రాయలసీమ జమీందారీలకు కూడా అదే దారి అయింది. లండన్‌లో జడ్జీలు అన్ని పేజీలు రాశారు కదా, ఆ పిల్లాడు ఆ ఇంట్లో ఎలా పెరుగుతాడు అన్నది అసలు ప్రశ్నే కాదు వాళ్ళకు. డల్హౌసీ అయితే సతారా, ఝాన్సీల దగ్గర దత్తతను ఒప్పుకోకుండా రాజ్యాలే కలిపేసుకున్నాడు. అంటే సర్కారు దత్తతను చూసింది, కానీ ఆస్తి కాగితంగా చూసింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన తెలుగువాళ్ళలో ఇల్లరికం ఉంది కదా. రెడ్లలో, కమ్మవాళ్ళలో ఇల్లరికపు అల్లుడికి ఆస్తిలో వాటా ఉంటుందన్న ఆచారాన్ని మద్రాసు కోర్టులు కూడా గుర్తించాయి. నాకు ఇది భలే ఆసక్తిగా అనిపించింది. ఎందుకంటే ఇల్లరికం తెచ్చుకునేటప్పుడు మనవాళ్ళు కుర్రాడి గురించి ఊరంతా వాకబు చేస్తారు. పనిమంతుడా, తాగుతాడా, వాళ్ళమ్మ నోరు ఎలాంటిది, అన్నీ. అంటే వాకబు అనే పని మనకు బాగా వచ్చు. కాకపోతే వచ్చేవాడి మీద చేశాం, తీసుకునే ఇంటి మీద చేయలేదు.

పాతకాలంలో కోర్టు "ఆ ఇంట్లో ఏం జరుగుతోంది" అని అడిగిన సందర్భం ఒకటుంది. దేవదాసీలు, కళావంతులు ఆడపిల్లల్ని దత్తత చేసుకునే ఆచారం ఉండేది. 1860 శిక్షాస్మృతిలో మైనర్లను వ్యభిచారం కోసం కొనడం, అమ్మడం నేరం అన్న సెక్షన్లు 372, 373 ఉండేవి. వాటి కింద కేసులొచ్చినప్పుడు ఈ పిల్లను ఎందుకు తెచ్చుకున్నారు అన్న ప్రశ్న వచ్చేది. అది కూడా నేరం కోణంలోంచే, పిల్ల బాగుంటుందా అన్న కోణంలోంచి కాదు.

మరి "తీసుకునే ఇల్లు మంచిదేనా" అన్న ప్రశ్న ఎవరు ముందు చట్టంలో పెట్టారు? అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, 1851. దత్తత తీసుకునేవాళ్ళకు ఆ బిడ్డను పెంచే స్తోమత ఉందా, ఇది సబబైన దత్తతేనా అని జడ్జి తృప్తి పడాలి అని రాశారు. కానీ జడ్జి కుర్చీలోంచి లేచి ఇంటికి వెళ్ళడు కదా. ఎవరో ఒకరు వెళ్ళి చూసి రాసి తేవాలి అన్నది 1917లో మిన్నెసోటా చట్టంతో వచ్చింది. సోషల్ వర్క్ అనే వృత్తి అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. మనం ఈరోజు హోమ్ స్టడీ అంటున్న దానికి అసలు తాత అదే.

చట్టం ఉన్నంత మాత్రాన అంతా సాఫీగా నడిచిందా? లేదు. టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో జార్జియా టాన్ అనే ఆవిడ, పిల్లల సంస్థ పేరుతో 1950 దాకా పేదవాళ్ళ పిల్లల్ని డబ్బున్నవాళ్ళకు అమ్మింది. బండారం బయటపడే సమయానికే ఆవిడ చనిపోయింది, శిక్ష లేదు. తర్వాత కొరియా యుద్ధం. ఓరెగాన్‌కు చెందిన హ్యారీ హోల్ట్ అనే రైతు కొరియా నుంచి ఎనిమిది మంది పిల్లల్ని 1955లో తెచ్చుకుని, ఆ తర్వాత వందలమందిని అమెరికన్ ఇళ్ళకు చేర్చాడు. పెంచుకునేవాళ్ళు కొరియా రానక్కర్లేదు, వాళ్ళ తరఫున వేరేవాళ్ళు అక్కడి కోర్టులో దత్తత పూర్తి చేసేవాళ్ళు. మామూలుగా చేసే ఇంటి పరిశీలనలు లేకుండా పిల్లల్ని పంపుతున్నారని సోషల్ వర్కర్లు గోల పెట్టారు. జనం మాత్రం హోల్ట్‌ను దేవుడన్నారు. ఈ గొడవ నాకు ఇప్పటికీ తెగలేదు. ఆకలితో ఉన్న పిల్ల ముందు ఫారాలు నింపమనడం క్రూరంగానే ఉంటుంది. ఫారం లేకపోతే ఏమవుతుందో మెంఫిస్ చెప్తుంది.

ఇప్పుడు ఇండియా. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది. మంచి మార్పులు వచ్చాయి. ఆడపిల్లను దత్తత చేసుకోవచ్చు. దత్తహోమం తప్పనిసరి కాదు, ఇవ్వడం పుచ్చుకోవడం జరిగితే చాలు. సెక్షన్ 17లో దత్తత కోసం డబ్బు ఇచ్చినా, పుచ్చుకున్నా నేరం అని రాశారు. అయితే ఇంటికెళ్ళి చూడటం అన్న మాటే లేదు. అన్న కొడుకుని తమ్ముడు పెంచుకుంటే ఎవరు చూడాలి, అందరూ ఒకే వాకిట్లో ఉంటారు అన్న ఆలోచనతో రాసిన చట్టం అనిపిస్తుంది. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. చుట్టాల మధ్య ఈ దారిలోనే రిజిస్టర్డ్ దత్తత పత్రంతో ఇప్పటికీ జరుగుతున్నాయి.

హిందువులు కానివాళ్ళకైతే అది కూడా లేదు. సికింద్రాబాద్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో, మారేడ్‌పల్లిలో ఎంతమంది క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లు, ముస్లింలు, పార్సీలు. వాళ్ళు ఒక అనాథ పిల్లను తెచ్చుకుని ప్రాణంలా పెంచినా, చట్టం దృష్టిలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద గార్డియన్లు మాత్రమే. అమ్మానాన్న కాదు. పిల్లకు 18 నిండితే ఆ బంధం కాగితం మీద అయిపోయినట్టే. అందరికీ ఒకే దత్తత చట్టం తేవాలని 1972లో ఒక బిల్లు పెట్టారు, వెనక్కి తీసుకున్నారు. 1980లో ఇంకోటి పెట్టారు, అదీ చట్టం కాలేదు.

ఈ ఖాళీలోంచి విదేశీ దత్తతలు నడిచాయి. యూరప్, అమెరికా జంటలు గార్డియన్ ఆర్డరు తీసుకుని పిల్లల్ని తమ దేశానికి తీసుకెళ్ళి అక్కడ దత్తత చేసుకునేవాళ్ళు. 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే అడ్వొకేట్ సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. విదేశీ దత్తతల పేరుతో పిల్లల విషయంలో అక్రమాలు జరుగుతున్నాయి అని. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు ఇచ్చారు. మన దేశంలో హోమ్ స్టడీకి పుట్టినరోజు అంటూ ఉంటే అదే.

నేను ఆ తీర్పును సాఫ్ట్‌వేర్ వాడిగా చదివాను, తప్పుగా అనుకోకండి. అది అచ్చం ఒక రిక్వైర్మెంట్ డాక్యుమెంట్‌లా ఉంటుంది. పార్లమెంటు చట్టం చేయలేదు కాబట్టి కోర్టే కూర్చుని స్పెసిఫికేషన్ రాసింది. విదేశీ జంట నేరుగా దరఖాస్తు పెట్టకూడదు, వాళ్ళ దేశంలో గుర్తింపు ఉన్న సంస్థ ద్వారా రావాలి. ఆ సంస్థలో శిక్షణ ఉన్న వ్యక్తి హోమ్ స్టడీ రిపోర్టు రాయాలి. అందులో ఏమేం ఉండాలో కోర్టే చెప్పింది. భార్యాభర్తలతో కలిపి ఎన్నిసార్లు, విడివిడిగా ఎన్నిసార్లు మాట్లాడారు. ఇద్దరి మనస్తత్వం, ఆరోగ్యం, ఉద్యోగం, ఆదాయం. ఇల్లు ఎలా ఉంది, పిల్లకు చోటు ఉందా, బడి దగ్గర్లో ఉందా, ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళు. అత్తమామలతో సంబంధం ఎలా ఉంది. తాత, నాయనమ్మ, చుట్టాలు ఈ దత్తత గురించి ఏమనుకుంటున్నారు. అసలు భారతీయ బిడ్డే ఎందుకు కావాలి. ముందు దేశంలోనే తల్లిదండ్రులు దొరుకుతారేమో చూడాలి, ఆ తర్వాతే విదేశం అని కూడా చెప్పింది. ఇంటి రిపోర్టుతో పాటు పిల్ల గురించి ఇంకో రిపోర్టు ఉండాలంది, చైల్డ్ స్టడీ రిపోర్టు. కన్నతల్లికి మనసు మార్చుకునే గడువు ఇవ్వాలంది. 1990లో కేంద్రం కారా అనే సంస్థను పెట్టింది, తర్వాత వచ్చిన మార్గదర్శకాల్లో ఈ ఇంటి పరిశీలన దేశంలోని తల్లిదండ్రులకూ వచ్చింది.

డిజైన్ బాగుంది. రెండు రిపోర్టులు, రెండు వైపులా చెక్. మరి బగ్ ఎక్కడ?

బగ్ మన దగ్గరే బయటపడింది. 1999లో, మళ్ళీ 2001లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దత్తత కుంభకోణాలు. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని కొని హైదరాబాద్ సంస్థలకు చేరుస్తున్నారని బయటపడింది. తల్లిదండ్రుల చేతికి వచ్చింది వందలు, మహా అయితే కొన్ని వేల రూపాయలు. మధ్యలో బ్రోకర్లు. చివర్లో విదేశీ జంట కట్టేది వేల డాలర్లు. సంస్థల నిర్వాహకుల మీద కేసులు, అరెస్టులు, హోమ్‌లలో ఉన్న పిల్లల్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోవడం, యూసుఫ్‌గూడ శిశువిహార్ నిండిపోవడం. ఆ రోజుల్లో పేపర్లు చదివిన మా నాన్న తరం వాళ్ళకు ఇదంతా గుర్తే.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ విదేశీ జంటల హోమ్ స్టడీలు దొంగవి కావు. చాలామందివి పక్కాగా ఉండి ఉంటాయి. అక్కడి సోషల్ వర్కర్ నాలుగుసార్లు ఇంటికెళ్ళి, వేలిముద్రలు తీసుకుని, పక్కింటివాళ్ళను అడిగి రాసిన రిపోర్టులు. ఆ ఇల్లు పాస్. ఇటు వైపు తండాలో ఇల్లుంది. ఆ ఇంట్లో బాలింత ఉంది, అప్పుంది, నీళ్ళు లేని చెలక ఉంది, మూడో ఆడపిల్ల పుట్టిందని సణిగే అత్త ఉంది. ఆ ఇంటికి ఎవరు వెళ్ళారు? బ్రోకర్ వెళ్ళాడు. పిల్లను అప్పగిస్తున్నాం అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ కాగితం ఆధారంగానే పిల్ల రిపోర్టు తయారైంది. ఇన్‌పుట్టే తప్పయినప్పుడు మిగతా ఎన్ని చెక్‌లు పెట్టినా అన్నీ పచ్చగానే చూపిస్తాయి.

అప్పట్లో ఈ సంగతి మీద నిజంగా తండాలకు వెళ్ళి పనిచేసినవాళ్ళు ఉన్నారు. గ్రామ్య రిసోర్స్ సెంటర్ వాళ్ళు, రుక్మిణీ రావు గారు, ఆడశిశువుల అమ్మకం, హత్యల మీద ఆ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. గీతా రామస్వామి గారు లంబాడా ఆడపిల్లల అప్పగింత మీద 2001లో ఒక అధ్యయనం రాశారు. "వీళ్ళ ఆచారమే అంత, పిల్లల్ని అమ్ముకుంటారు" అని జాతి మొత్తానికి ముద్ర వేసిన రాతలు ఆ రోజుల్లో చాలా వచ్చాయి. నాకు ఆ రాతలు చదువుతుంటే ఒళ్ళు మండింది. కొనేవాడు లేకుండా అమ్మకం ఎక్కడ జరుగుతుంది? భూములు పోయి, వలస పోయి, కట్నం అనే జబ్బు మన దగ్గర్నుంచి అంటుకుని, అప్పుడు కదా తండాలో ఆడపిల్ల బరువైంది.

అటు వైపు నుంచి కూడా ఒక గొంతు వచ్చింది. డేవిడ్ స్మోలిన్ అని అలబామాలో లా ప్రొఫెసర్. ఆయన, ఆయన భార్య 1998లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి కాస్త పెద్ద వయసున్న ఇద్దరు అక్కాచెల్లెళ్ళను దత్తత తీసుకున్నారు. వాళ్ళ వైపు కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిల్లలు వెళ్ళాక చెప్పారు, మా అమ్మ మమ్మల్ని ఇచ్చేయలేదు అని. కన్నతల్లిని వెతికి పట్టుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత ఆయన భారతీయ దత్తత కుంభకోణాల మీద 2005లో ఒక పెద్ద వ్యాసం రాశారు. చట్టం తెలిసినవాడు, హోమ్ స్టడీ పాసైనవాడు, మంచి ఉద్దేశంతో వచ్చినవాడు. అయినా ఆయన ఇంటికి చేరింది వేరే తల్లి వెతుక్కుంటున్న పిల్లలు.

2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం కారణం చూపి పిల్లల్ని సంస్థలకు అప్పగించడాన్ని ఆపేసింది. మంచి నిర్ణయమా? సగం. అమ్మకం ఆగాలి, సరే. కానీ ఆ తండా తల్లికి బదులుగా నెలకు ఇంత అని చేతిలో పెట్టిన పథకం ఏదీ దాంతో పాటు రాలేదు. ఇప్పుడు మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది, కష్టంలో ఉన్న కుటుంబంలోనే పిల్ల ఉండిపోవడానికి. ఇది చాలామందికి తెలీదు. దయచేసి ఈ ముక్క మాత్రం నలుగురికి చెప్పండి. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అడగాలి.

ఆ తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తా. 2000 జువెనైల్ జస్టిస్ చట్టంలో మతంతో పనిలేని దత్తత వచ్చింది, 2006 సవరణతో గట్టిపడింది. 2003లో ఇండియా హేగ్ ఒప్పందంలో చేరింది. 2014లో షబ్నమ్ హష్మి కేసులో సుప్రీంకోర్టు ఏ మతం వాళ్ళైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని స్పష్టం చేసింది. లాలాగూడ క్వార్టర్ల గురించి ఇందాక చెప్పానే, ఆ చిక్కు చట్టపరంగా అక్కడ విడిపోయింది. 2015 చట్టం, కేరింగ్స్ అనే ఆన్‌లైన్ పోర్టల్. 2022 నుంచి దత్తత ఆర్డరు కోర్టు కాకుండా జిల్లా కలెక్టరు ఇస్తున్నారు.

రెండో ఇంటి విషయంలో కూడా చట్టం కొంత నేర్చుకుంది. ఇప్పుడు తల్లి బిడ్డను అప్పగించాలంటే సంస్థ దగ్గర కాదు, బాలల సంక్షేమ కమిటీ ముందు. కౌన్సెలింగ్ ఇవ్వాలి, సంతకం పెట్టాక కూడా రెండు నెలలు మనసు మార్చుకునే గడువు ఉంటుంది. దొరికిన పిల్లలైతే కన్నవాళ్ళ కోసం వెతకాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు రెండు నెలలు, పైబడితే నాలుగు నెలలు. ఈ లోపు దత్తతకు పెట్టకూడదు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఇంటికొచ్చి ఏం చూస్తారు? మా పెద్దమ్మ కూతురు, మల్కాజ్‌గిరిలో ఉంటుంది, అక్కా బావా రెండేళ్ళ కింద రిజిస్టర్ చేసుకున్నారు. వాళ్ళ పర్మిషన్‌తోనే చెప్తున్నా. హోమ్ స్టడీ అనగానే అక్క ఇల్లంతా రంగులు వేయించింది. కొత్త కర్టెన్లు. బావ తన పాత పేస్లిప్పులన్నీ ఫైల్ చేసి కూర్చున్నాడు. సోషల్ వర్కర్ మేడమ్ వచ్చింది, చెప్పులు విప్పింది, మంచినీళ్ళు తాగింది, కర్టెన్ల వైపు కూడా చూడలేదట. కాగితాలు ఎలాగూ పోర్టల్‌లో ఉన్నాయి. పాన్ కార్డు, పెళ్ళి సర్టిఫికెట్, ఆదాయం, మెడికల్ సర్టిఫికెట్, తెలిసినవాళ్ళ నుంచి రెండు రిఫరెన్స్ లెటర్లు. ఆమె అక్కతో విడిగా మాట్లాడింది, బావతో విడిగా మాట్లాడింది. 1984 తీర్పులో ఉన్న మాట గుర్తుందా, విడివిడిగా ఎన్నిసార్లు అని. అదే.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి అక్క వాళ్ళ అత్తమ్మ పక్కన కూర్చుంది. "అమ్మా, పాప మీ పోలిక రాకపోతే పెళ్ళిళ్ళలో చుట్టాలు అడుగుతరు కదా, ఏం చెప్తరు?" అందట. ఆ పెద్దావిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా తోడికోడలు కొడుక్కి మాత్రం ఎవరి పోలిక వచ్చిందమ్మా" అందట. అందరూ నవ్వారు. కానీ ఆ రాత్రి అత్తమ్మ అక్కను పిలిచి, పిల్లకు పెద్దయ్యాక నిజం చెప్తారా అని అడిగిందట. ఆ ఇంట్లో ఆ మాట రావడం అదే మొదటిసారి. అప్పటిదాకా ముగ్గురూ మనసులో పెట్టుకుని ఎవరూ ఎత్తలేదు.

అందుకే, బ్యాంక్ బ్యాలెన్స్ ఎంత అని అడిగేవాళ్ళకు నా జవాబు, దానికి ఫిక్స్‌డ్ నంబర్ లేదు. సొంతిల్లు ఉండాలని లేదు. వయసు లెక్క మాత్రం ఉంది. రెండేళ్ళ లోపు పిల్ల కావాలంటే దంపతులిద్దరి వయసు కలిపి 85 దాటకూడదు, ఒంటరివాళ్ళకైతే 40. పెళ్ళయి రెండేళ్ళు నిండాలి. ఒంటరి మగవాళ్ళకు ఆడపిల్లను ఇవ్వరు. ఒంటరిగా తీసుకునేవాళ్ళకు ఏదైనా జరిగితే పిల్లను చూసుకుంటామని ఒక బంధువు రాసివ్వాలి. కాగితాలు పెట్టాక అరవై రోజుల్లో హోమ్ స్టడీ పూర్తి కావాలి, ఆ రిపోర్టు మూడేళ్ళు చెల్లుతుంది. కుదరదంటే కారణం రాయాలి, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. పిల్ల వచ్చాక కూడా రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు.

నిజానికి జనాన్ని పక్కదారి పట్టిస్తున్నది హోమ్ స్టడీ కాదు, ఆ తర్వాత ఎదురుచూపు. 2024-25లో దేశం మొత్తం మీద దత్తతలు 4,515. పన్నెండేళ్ళలో అదే ఎక్కువ. క్యూలో ఉన్న తల్లిదండ్రులు 30 వేలకు పైనే. మూడేళ్ళకు పైగా ఆగాల్సి వస్తోంది. అక్క ఇంకా వెయిటింగ్‌లోనే ఉంది. ఈ గ్యాప్‌లోనే "నాకు తెలిసిన నర్సు ఒకామె ఉంది" అనే మనిషి వస్తాడు.

2024 మేలో రాచకొండ పోలీసులు మేడిపల్లి దగ్గర పట్టుకున్న కేసు అలాంటిదే. ఢిల్లీ, పూణేల నుంచి పిల్లల్ని తెచ్చి ఇక్కడ పిల్లలు లేని జంటలకు అమ్ముతున్నారని. పదిమందికి పైగా పిల్లల్ని పెంచుకుంటున్న ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి శిశువిహార్‌లో పెట్టారు. కొందరు పిల్లలకు అప్పటికే నడక వచ్చింది, అమ్మా అనడం వచ్చింది. ఆ వీడియోలు మీరు చూసే ఉంటారు, స్టేషన్ దగ్గర ఆ ఆడవాళ్ళ ఏడుపు. నేను పూర్తి వీడియో చూడలేకపోయాను. డబ్బు పెట్టి పిల్లను తెచ్చుకున్నారు, అది తప్పు, నేరం. రెండేళ్ళు గుండెల మీద పడుకోబెట్టుకున్నారు, అదీ నిజం.

నాలుగు జంటలు హైకోర్టుకు వెళ్ళాయి. సింగిల్ జడ్జి వాళ్ళ వైపు చెప్పారు, డివిజన్ బెంచ్ కొట్టేసింది. చివరికి 2025లో సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారం వాడి పిల్లల్ని ఆ పెంచినవాళ్ళకే తిరిగి ఇవ్వమంది. దాంతోపాటు, పిల్లలు ఎలా ఉన్నారో ఎప్పటికప్పుడు నివేదికలు తెప్పించుకోవాలని చెప్పింది. అంటే హోమ్ స్టడీ చివరికి ఆ ఇళ్ళకూ వచ్చింది, పిల్ల వచ్చాక వచ్చింది. ఆ పిల్లలు పుట్టిన ఇళ్ళు ఢిల్లీలోనో పూణేలోనో ఏ గల్లీలో ఉన్నాయో, అక్కడ ఎవరైనా తలుపు కొట్టారో లేదో, నేను చదివిన వార్తల్లో ఎక్కడా కనిపించలేదు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో రూట్ సెర్చ్ గురించి మాట్లాడదాం. అప్పట్లో మన దగ్గర్నుంచి వెళ్ళిన పిల్లలు ఇప్పుడు నా వయసు వాళ్ళు. స్వీడన్ నుంచి, అమెరికా నుంచి కన్నవాళ్ళను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు చట్టం ఏం హక్కు ఇచ్చింది, ఫైళ్ళలో ఏం దొరుకుతుంది అన్నది అందులో. ఆ 2001 రోజుల్లో తండాల్లో పనిచేసిన అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎంలు ఎవరైనా ఇది చూస్తుంటే, మీకు ఇష్టమైతేనే, నాకు రాయండి.